నల్లకలువ వాళ్ళకి రంగేసిన బేబీ

బేబీకి ఆ పేరు నాటకాల కంపెనీవాళ్ళు పెట్టారు. అసలు పేరు వీరవేణి. పన్నెండేళ్ళప్పుడు కంపెనీలో చేరితే, అందరిలోకీ చిన్నది కాబట్టి బేబీ అన్నారు. అదే నిలిచిపోయింది. ఇప్పుడు యాభై ఎనిమిది నిండినా, రాజమండ్రి ఇన్నీసుపేటలో ఆమె అద్దెకుండే ఇంటివాళ్ళు మొదలు వీధి చివర ఇస్త్రీబండి అతని దాకా అందరికీ ఆమె బేబీగారే.

పద్యనాటకాలు చూసిన తరంవాళ్ళకి ఆమెని కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. చచ్చిపోయిన కొడుకుని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చే రాణి వేషం కట్టాలంటే రెండు గోదావరి జిల్లాల్లోనూ బేబీ తర్వాతే ఎవరైనా. ఆ అంకంలో ఆమె పద్యం ఎత్తుకుని, చివరి రాగం తీసి ఆపేసరికి జనం ముక్కులు తుడుచుకుంటూనే 'వన్స్ మోర్' అని అరిచేవాళ్ళు. కొడుకు పోయిన తల్లిని మళ్ళీ ఏడవమని అడగడం ఆమెకి అప్పట్లో వింతగా అనిపించలేదు. మెచ్చుకోలు అంటే అదే. మళ్ళీ మొదటినుంచీ ఏడ్చేది.

ఒళ్ళో పడుకునే పిల్లవాడు చాలా ఏళ్ళపాటు ఆమె సొంత కొడుకే. కిరణ్ కుమార్‌కి నాలుగేళ్ళప్పుడు, చెయ్యాల్సిన పిల్లాడికి ఆ రోజు అమ్మవారు పోస్తే, వాణ్ణి తీసుకెళ్ళి పడుకోబెట్టారు. కదలకుండా పడుకున్నాడు. పదేళ్ళొచ్చి కాళ్ళు ఒళ్ళో పట్టనంత పొడుగయ్యేదాకా వాడే చేశాడు. ఆ ఏడే వాడి తండ్రి, కంపెనీ హార్మోనిస్టు రామచంద్రమూర్తి, కాకినాడలో వేరే కాపురం పెట్టి వెళ్ళిపోయాడు. తల్లీకొడుకులిద్దరూ మిగిలారు. కిరణ్ మళ్ళీ స్టేజీ మొహం చూడలేదు. డిగ్రీ చదివి, కోటిపల్లి బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే షాపు పెట్టుకున్నాడు. తల్లి నాటకానికి వెళ్ళే రోజున పెట్టె మోసుకొచ్చి వ్యానెక్కించి, "జాగ్రత్తమ్మా" అని షాపుకి వెళ్ళిపోయేవాడు.

మూడేళ్ళ కిందట వానాకాలంలో వాడికి జ్వరం వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయన్నారు. ఎక్కించారు. నాలుగో రోజు తెల్లారేసరికి లేడు. ఇరవై ఆరేళ్ళు.

వరండాలో ఐస్‌బాక్సులో పెట్టారు. వచ్చినవాళ్ళలో సగంమంది నటులే. అందరూ బేబీ వంక చూస్తూ కూర్చున్నారు. బేబీ కొడుకు కనురెప్పల వంక చూస్తూ కూర్చుంది. స్టేజీ మీద వాడు శవంగా పడుకున్నన్నాళ్ళూ ఆ రెప్పలు కదలకుండా చూసుకోవడం ఆమె పనే. కదిలితే చీరచెంగు అడ్డం వేసేది. ఆ రోజు బాక్సు అద్దంలోంచి అలాగే కాపలా కాసింది. అవి కదల్లేదు. ఎక్కడా తప్పు జరగలేదు.

"ఏడవ్వే బేబీ. నాలుగు కన్నీళ్ళు కారిస్తే గుండె తేలికవుతుంది," అని తోటి నటి పాపాయమ్మ భుజం పట్టుకుని కుదిపింది. బేబీకి ఏడుపు రాలేదు. కాకినాడనుంచి రామచంద్రమూర్తి వచ్చి, బాక్సు మీద పడి, ఊరంతా వినపడేలా ఏడ్చాడు. ఇన్నేళ్ళూ స్టేజీమీద ఏడ్చేసింది, ఇంకేం మిగిలిందని కొందరు జాలిపడ్డారు. రాతిగుండె అని కొందరన్నారు. రెండు మాటలూ ఆమె చెవిన పడ్డాయి. రెండూ ఒకేలా వినిపించాయి.

ఐదు నెలల తర్వాత, అంతకుముందే ఒప్పుకున్న నాటకం ఒకటి మిగిలిపోయి ఉంటే ద్రాక్షారామం దగ్గర ఊరికి వెళ్ళింది. ఎవరి పిల్లాణ్ణో ఒళ్ళో పెట్టుకుని పద్యం ఎత్తుకుంది. స్వరం ఎక్కడా తొణకలేదు. కన్నీళ్ళు కూడా, రావాల్సిన చోట, ఎప్పటిలాగే వచ్చాయి. వన్స్ మోర్ అన్నారు. మళ్ళీ పాడింది. లోపల ఏమైనా కదులుతుందేమోనని చూసుకుంటూ పాడింది. ఏమీ లేదు. దిగొచ్చి మొహం తుడుచుకుని, ఇక వేషం కట్టనని మేనేజరుతో చెప్పేసింది. ఎందుకని అడిగితే గొంతు పోయిందంది.

అప్పటినుంచీ గణేష్‌బాబు షాపులో పని. నాటకాలకీ, స్కూలు వార్షికోత్సవాలకీ, దేవుడి ఊరేగింపులకీ కిరీటాలూ, గదలూ, పట్టుబట్టలూ అద్దెకిచ్చే షాపు అది. రంగు కావాలన్నవాళ్ళకి బేబీ వెళ్ళి మేకప్ చేసొస్తుంది. పిల్ల కృష్ణులకి నీలం, హనుమంతులకి సింధూరం. చేతులు పని చేస్తూనే ఉంటాయి. రోజులు గడుస్తున్నాయి. వండుకుంటుంది, తింటుంది, టీవీ పెట్టుకుని ఏం వస్తోందో తెలియకుండా చూస్తుంది.

ఫిబ్రవరిలో ఒక శనివారం మధ్యాహ్నం షాపు ముందు వ్యాను ఆగింది. నల్ల చొక్కాలు, నల్ల ప్యాంట్లు వేసుకున్న ఐదుగురు దిగారు. ముగ్గురు కుర్రాళ్ళు, ఇద్దరు అమ్మాయిలు. అంత ఎండలో వాళ్ళని అలా చూసి గణేష్‌బాబు లేచి నిలబడ్డాడు.

"తెల్లరంగు కావాలండి. మొహానికి వేసుకునేది," అన్నాడు వాళ్ళలో పొడుగాటి కుర్రాడు. పేరు మణిదీప్, గిటారు వాయిస్తాడు. "మాది 'నల్లకలువ' అని బ్యాండండి. వైజాగ్ నుంచొస్తున్నాం. మేకప్ పెట్టె అక్కడే మర్చిపోయాం. సాయంత్రం ఆరున్నరకే షో."

"ఏం షో అండి?"

"గోతిక్ రాక్ అంటారండి. నల్లబట్టలేసుకుని, మొహాలు తెల్లగా చేసుకుని, చావు గురించీ, చీకటి గురించీ పాడతాం."

గణేష్‌బాబు గొంతు తగ్గించాడు. "ఎవరిదైనా వర్ధంతాండి?"

"కాదండి. ఇంజనీరింగ్ కాలేజీ ఫెస్టు."

బేబీ లోపల్నించి సఫేదా డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. నాటకాలవాళ్ళు మొహానికి పూసే తెల్లపొడి అది. నూనెలో కలపాలి, పొడిపొడిగా రాలకుండా పట్టించాలి. ఎలా కలపాలో చెప్తుంటే మణిదీప్ ఆమె వంకా, గోడ మీది పాత ఫొటో వంకా మార్చి మార్చి చూశాడు. ఫొటోలో కిరీటం పెట్టుకున్న రాణి.

"మీరు బేబీగారా అండి? మాది పిఠాపురమండి. మా నాయనమ్మకి మీ నాటకమంటే ఎంత పిచ్చో! మీరే వచ్చి వేసిపెట్టకూడదా అండి?"

గణేష్‌బాబు తల ఊపాడు. బేబీ పెట్టె సర్దుకుంది. రంగులపెట్టె మోయడానికి ఇద్దరు ముందుకొచ్చారు. ఆమె ఇవ్వలేదు.

కాలేజీ ఊరి బయట, రాజానగరం వైపు. పెద్ద గ్రౌండులో ఇనుప స్టేజీ కట్టారు. స్టేజీ వెనక ఖాళీ క్లాసురూములో బల్లలు ఒకవైపుకి జరిపి బేబీ పని మొదలుపెట్టింది. కుర్రాళ్ళు ముగ్గురికీ, కీబోర్డు వాయించే ఉమాశ్రీకీ వేసేసరికి ఐదున్నర. చివరికి పాడే అమ్మాయి కూర్చుంది. శృతి. ఇరవై మూడేళ్ళు. సన్నటి మెడ, వేళ్ళ గోళ్ళకి నల్ల రంగు.

"నీకెలా ఉండాలమ్మా?"

"చచ్చిపోయినవాళ్ళలా ఉండాలండి. బాగా తెల్లగా."

బేబీ ఆమె గడ్డం పట్టుకుని మొహం వెలుతురు వైపుకి తిప్పింది. "చచ్చిపోయినవాళ్ళు తెల్లగా ఉండరమ్మా."

"మరెలా ఉంటారండి?"

"పడుకున్నట్టు ఉంటారు." సఫేదా నుదుటినుంచి మొదలుపెట్టి చెంపల మీదికి పరుస్తూ అంది, "జనానికి దూరంనుంచి తెలియాలి కాబట్టి తెలుపు వేస్తాం."

శృతి కళ్ళు మూసుకుంది. కళ్ళ చుట్టూ కాటుక దిద్దుతుంటే రెప్పలు వణికాయి. బేబీ వేలితో రెప్పని మెల్లిగా నొక్కి పట్టుకుంది.

"ఇవాళ మా నాన్నగారొస్తున్నారండి," అంది శృతి కళ్ళు మూసుకునే. "అమలాపురంలో లెక్కల మాస్టారు. నేను ఇలా పాడతానని తెలుసుగానీ, ఎప్పుడూ చూళ్ళేదు. చివరి పాట అమ్మ మీద రాశానండి. రెండేళ్ళైంది, అమ్మ పోయి. నాన్నగారు వినలేదా పాట."

"పెదాలు కదపకు," అంది బేబీ. నల్లరంగు పెదవి అంచు దాటిపోతోంది.

ఆరున్నరకి స్టేజీమీద నీలం దీపాలు వెలిగాయి. యంత్రంలోంచి పొగ వదిలారు. బేబీ పని అయిపోయింది. అయినా వేషం కట్టించినవాళ్ళు దిగేదాకా పక్కతెర చాటున నిలబడటం ఆమెకి అలవాటు. చెమటకి రంగు జారితే అద్దాలి కదా. గుడ్డ, పఫ్ చేత్తో పట్టుకుని, నల్లతెర పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది.

డ్రమ్ములు మొదలయ్యేసరికి కుర్చీ కదిలింది. గిటార్లలో ఒకటి మాట్లాడినట్టు కాకుండా, ఏదో పెద్ద వస్తువుని నేలమీద ఈడ్చినట్టు మోగుతోంది. ఆ మోత వచ్చి పక్కటెముకలకి తగులుతోంది. బేబీ గుండె మీద చెయ్యి పెట్టుకుని చూసుకుంది. లోపల కొట్టుకుంటున్నది డ్రమ్మే.

గ్రౌండులో మూడు వేలమంది విద్యార్థులున్నారు. డాన్సు పాటలకి వచ్చినవాళ్ళు. "దెయ్యాలొచ్చాయిరా!" అని ఎవరో అరిచారు. ఈలలు. రెండో పాటకి ఈలలు తగ్గాయి. శృతి పెద్దగా కదల్లేదు. మైకు స్టాండుని రెండు చేతులా పట్టుకుని, లోతుగా, మగగొంతుకి దగ్గరగా పాడుతోంది. ఊళ్ళో దీపాలన్నీ ఆరిపోవడం గురించి, వరదలో మునిగిపోయిన లంక గురించి, తలుపు కొట్టి వెళ్ళిపోయే మనిషి గురించి. నాలుగో పాటకి ముందు వరసలవాళ్ళు ఫోను లైట్లు వెలిగించి మెల్లగా ఊపుతున్నారు. 'చావు' అన్న మాట వచ్చిన ప్రతిసారీ శృతి ఆ మాటకి ముందు ఊపిరి తీసుకోవడం బేబీ గమనించింది. తప్పు. ఊపిరి మాట తర్వాత తీసుకోవాలి. బాధేమిటో తెలియకపోయినా ఈ సంగతి ఆమెకి తెలుస్తోంది.

ఏడో పాట అయ్యాక స్టేజీమీద దీపాలన్నీ ఆర్పేసి ఒక్కటే ఉంచారు. శృతి మైకు దగ్గరికొచ్చింది. "ఇది మా అమ్మకి జోలపాట," అంది.

ఉమాశ్రీ కీబోర్డు మీద ఒకే స్వరం పట్టుకుంది. మిగతావాళ్ళు ఆగారు. శృతి పల్లవి ఎత్తుకుంది.

"దీపం మలిపానమ్మా, ఇక నువ్వు పడుకో..."

ముందు వరసలో, ప్రిన్సిపాల్ పక్కన, తెల్లచొక్కా వేసుకున్న మనిషి ఒకాయన లేచి నిలబడ్డాడు. వెళ్ళిపోదామని లేచాడో, దగ్గరగా చూద్దామని లేచాడో ఆయనకే తెలిసినట్టు లేదు. శృతి ఆయన్ని చూసింది. రెండో మాట రాలేదు. నోరు తెరిచే ఉంది. కీబోర్డు స్వరం అలాగే సాగుతోంది. మణిదీప్ గిటారు మీద చెయ్యి పెట్టి తీశాడు. పదిమంది చప్పట్లు కొట్టారు, పాటలో భాగమనుకుని. తర్వాత వాళ్ళూ ఆపేశారు. శృతి చేతులు మైకు స్టాండు మీద వణుకుతుంటే, ఆ వణుకు స్పీకర్లలో గరగరమని వినపడుతోంది.

నాటకంలో ఎవరికైనా పద్యం మధ్యలో నోరు పెగలకపోతే తెర చాటునుంచి అందించేవాళ్ళుంటారు. మాట మర్చిపోతే మాట, స్వరం తప్పితే స్వరం. బేబీ ఎంతమందికి అందించిందో లెక్కలేదు. అలా చెయ్యాలని ఇప్పుడేమీ అనుకోలేదు. కుర్చీలోంచి లేచింది, తెర అంచుకి నాలుగడుగులు నడిచింది, కీబోర్డులో మోగుతున్న స్వరాన్ని అందుకుని "ఆ..." అంది.

రెండేళ్ళకి పైగా వాడని గొంతు. మొదట తుప్పు పట్టిన తలుపులా వచ్చింది. ఆపలేదు. రెండో ఊపిరికి నిలిచింది. పైకెళ్ళలేదు, గమకం వెయ్యలేదు. గోడకి చేరబడినట్టు ఆ ఒక్క స్వరం మీదే ఆనుకుని పట్టుకుంది. శృతి మైకు అందులో కొంత పట్టుకుంది. గ్రౌండంతా సన్నగా వినపడింది. ఎవరు పాడుతున్నారో తెలియక జనం అటూ ఇటూ చూశారు.

శృతి తల తిప్పింది. తెర పక్కన, చీరకొంగు నడుముకి దోపుకుని, చేతిలో పఫ్‌తో నిలబడ్డ మనిషిని చూసింది. బేబీ కళ్ళతోనే 'పట్టుకో' అంది.

పట్టుకుంది. రెండో మాట వచ్చింది, మూడోది వచ్చింది. డ్రమ్ము మెల్లగా కలిసింది, తర్వాత గిటార్లు. పాట పెద్దదయ్యేసరికి బేబీ గొంతు దాంట్లో మునిగిపోయింది. ఆపేసి, వెనక్కి వచ్చి కూర్చుంది. గొంతు మండుతోంది. మంచినీళ్ళ సీసా కుర్చీ కింద ఉండాలి. వంగి వెతుక్కుంది.

పాట అయ్యింది. మూడు వేలమందీ ఒక్కసారి అరిచారు. వాళ్ళలో ఎవరో 'వన్స్ మోర్' అన్నారు కూడా. బేబీ ఆ మాట విని తలెత్తలేదు. సీసా మూత తీసి నీళ్ళు తాగింది.

క్లాసురూములో రంగు తీస్తుండగా శృతి వాళ్ళ నాన్న శశిభూషణ్ మాస్టారు వచ్చారు. గుమ్మంలోనే ఆగిపోయారు. ఐదు తెల్లమొహాల్లో కూతురు ఏదో పోల్చుకోవడానికి ఆయనకి ఒక క్షణం పట్టింది. బేబీ కొబ్బరినూనె ముంచిన దూదితో శృతి నుదురు తుడిచింది. తెలుపు కింద చామనఛాయ బయటపడింది.

"ఏంటమ్మా ఇది," అన్నారు మాస్టారు. కోపంగా అందామనుకున్నారు కాబోలు, మెత్తగా వచ్చింది. "మీ అమ్మ పడుకుంటే దీపం ఆర్పేది నువ్వేనని... నాకు గుర్తే లేదమ్మా."

శృతి లేచి ఆయన్ని పట్టుకుంది. ఇద్దరూ భోరున ఏడ్చారు. బ్యాండువాళ్ళు ఒక్కొక్కరే బయటికి జారుకున్నారు. బేబీ దూది చేత్తో పట్టుకుని నిలబడింది. సఫేదా, కాటుక, నూనె అన్నీ కలిసి మాస్టారి తెల్లచొక్కాకి అంటుకుంటున్నాయి. ఉతికితే పోదు. కుంకుడు రసంలో నానబెట్టి చూడాలి. ఆ సంగతి చెప్పడానికి ఇది సమయం కాదని మాత్రం తెలిసి, ఊరుకుంది.

ఏడుపు నెమ్మదించాక శృతి వచ్చి మళ్ళీ కుర్చీలో కూర్చుంది. బేబీ వదిలేసిన చోటినుంచి తుడవడం మొదలుపెట్టింది.

"మీరు లేకపోతే నేను దిగిపోయేదాన్నండి. అంత నిబ్బరంగా ఎలా పట్టుకున్నారు? మీకేమీ అనిపించలేదా?"

"లేదమ్మా."

మాస్టారు ఆమె వంక చూశారు. బేబీ కొత్త దూది తీసుకుంది. ఎందుకు చెప్పిందో ఆమెకే తెలియదుగానీ, చెప్పింది.

"మా అబ్బాయి ఉండేవాడమ్మా. చిన్నప్పుడు స్టేజీమీద శవంగా నా ఒళ్ళో పడుకునేవాడు. నేను రాగం తీస్తుంటే, పెదాలు కదపకుండా, 'అమ్మా, కాలిమీద దోమ' అనేవాడు. ఏడుస్తూనే చెంగుతో దోమని తోలేదాన్ని. వాడు పెద్దయ్యాక పోయాడు, మూడేళ్ళ కిందట. అప్పటినుంచీ నాకేమీ తెలియట్లేదమ్మా. తిమ్మిరెక్కినట్టుంది. నువ్వూ మీ నాన్నగారూ ఏడుస్తుంటే చూస్తున్నాను. బాగుంది. చూస్తున్నాను, అంతే."

మాస్టారు లెక్కల క్లాసులో పిల్లాడు కొత్త దారిలో లెక్క చేసుకొచ్చినప్పుడు చూసినట్టు, ఓపిగ్గా చూశారు. ధైర్యం చెప్పడానికి ప్రయత్నించలేదు. "అబ్బాయి పేరేంటండి?" అనడిగారు.

"కిరణ్ కుమారండి."

"కిరణ్ కుమార్," అన్నారాయన, హాజరు పిలిచినంత స్పష్టంగా.

బేబీ దూది పారేసి, సీసాలకి మూతలు పెట్టింది.

ఆ తర్వాత 'నల్లకలువ' వాళ్ళు ఆమెని వదల్లేదు. భీమవరంలో ఒక షో, విజయవాడలో ఒకటి, అన్నిటికీ వ్యాను రాజమండ్రి మీదుగా తిప్పి ఆమెని ఎక్కించుకునేవాళ్ళు. సఫేదాలో కొద్దిగా పసుపు కలిపితే నీలం దీపాల్లో మొహం పాలిపోయినట్టు కనపడుతుందని ఆమే కనిపెట్టింది. శృతికి ఊపిరి సంగతి చెప్పింది. "బాధ మాటకి ముందు గాలి పీల్చకమ్మా. మాటంతా అయ్యాక పీల్చు. ఉన్న ఊపిరంతా దానికే పెట్టేశావనిపిస్తుంది." జోలపాటలో ఆ 'ఆ...' మాత్రం ప్రతిసారీ కావాలన్నారు. తెర చాటునుంచైతేనే అంది. స్టేజీ మీదికి రానంది. ఒక మైకు తెర వెనకే పెట్టారు. షో అయ్యాక పేరు చెప్తామంటే వద్దంది. ఏ షోలోనూ ఆమెకి ఏడుపు రాలేదు. అందరూ అడగడం మానేశారు.

వేసవిలో కాకినాడ షోకి వెళ్తూ పిఠాపురంలో మణిదీప్ వాళ్ళింట్లో భోజనాలకి ఆగారు. వాళ్ళ నాయనమ్మ బేబీ రెండు చేతులూ పట్టుకుని, "ఆ రాణి మీరేనాండి?" అంది.

"అప్పట్లో నేనేనండి," అంది బేబీ.

భోజనాలయ్యాక ఉప్పాడ మీదుగా బయల్దేరారు. అక్కడ సముద్రం రోడ్డు అంచుని మళ్ళీ కోసేసింది, రాళ్ళు పోస్తున్నారు, బళ్ళు ఆగిపోయాయి. పిల్లలంతా దిగి అలల దగ్గరికి పరిగెత్తారు. నల్లబట్టల్లో, ఎండలో, ఒకళ్ళ మీద ఒకళ్ళు నీళ్ళు చల్లుకుంటూ ఫొటోలు తీసుకుంటున్నారు. బేబీ వ్యానులోనే కూర్చుంది. ఒకావిడ బుట్టతో వచ్చి, కోసిన జామకాయ మీద ఉప్పూకారం జల్లి కిటికీలోంచి అందించింది.

బేబీ ఒక ముక్క కొరికింది. నాలుక మీద చురుక్కుమంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"కారం ఎక్కువైందాండి?" అంది బుట్టావిడ.

"ఎక్కువేనమ్మా," అంది బేబీ ముక్కు ఎగబీలుస్తూ, ఇంకో ముక్క తీసుకుంటూ. దూరాన్నించి శృతి రమ్మని చెయ్యి ఊపుతోంది. రాళ్ళబండి ఇంకా కదల్లేదు.